తాతయ్యతో చూసిన మైకేల్ బే సినిమాలు

మా తాతయ్యకు ఇంగ్లీషు రాదు. అయినా మా విశాఖపట్నం జగదాంబ సెంటర్‌లో ఏ ఇంగ్లీషు సినిమా ఆడుతోందో మా ఇంట్లో అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. పూర్ణా మార్కెట్‌కి కూరలకని బయల్దేరి, అక్కడితో ఆగకుండా జగదాంబ దాకా నడిచి, అన్ని హాళ్ల పోస్టర్లూ చూసుకుని, వంకాయల సంచితో పాటు ఆ కబురు కూడా మోసుకొచ్చేవాడు. "అమ్మలూ, మంచి సినిమా వొచ్చింది. ఆదివారం ఎల్దాం" అనేవాడు. మా అమ్మకి ఇష్టం ఉండేది కాదు. ఆడపిల్లని ఆ ఇంగ్లీషు సినిమాలకి తీసుకెళ్తారా అని వంటింట్లోంచే గొణిగేది. తాతయ్య వినబడనట్టే చెప్పులు వేసుకునేవాడు.

ఆ ఆదివారాల్లో మేమిద్దరం చూసినవాటిలో నాకు సన్నివేశాలతో సహా గుర్తున్నవి రెండు. రెండూ హాలీవుడ్ దర్శకుడు మైకేల్ బే తీసినవే. అప్పట్లో ఆ పేరు మాకు తెలీదు. సినిమా నచ్చితే హాలు పేరుతోనో, హీరో పేరుతోనో గుర్తుపెట్టుకునేవాళ్లం. ఒక మనిషి కూర్చుని ఇదంతా ఇలా కనిపించాలని నిర్ణయిస్తాడని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. ఇప్పుడు నేను చేసేది వీడియో ఎడిటింగ్. పెళ్లిళ్లు, ప్రీ వెడ్డింగ్ షూట్లు, అప్పుడప్పుడు ఊళ్లో షాపుల ప్రకటనలు. ఈ పనిలో ఇరవై ఏళ్లు గడిచాక కూడా బే సినిమా గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు బాధేస్తుంది. ఎవరైనా అతన్ని ఆకాశానికెత్తితే ఒప్పుకోనూ లేను. రెండింటికీ కారణం తాతయ్యే.

మొదటిది 'ఆర్మగెడాన్'. 1998. నేను ఇంటర్‌లో ఉన్నాను. ఒక పెద్ద గ్రహశకలం భూమి మీదికి దూసుకొస్తుంది, పద్దెనిమిది రోజులే టైముంది, దాని పొట్టలో బాంబు పెట్టి పేల్చడానికి చమురు బావులు తవ్వేవాళ్లని రోదసిలోకి పంపుతారు. కథ నేను చెబుతుంటానని ముందే ఒప్పందం. కానీ సగం సినిమా అయ్యేసరికి తాతయ్యే నాకు చెబుతున్నాడు. ఎవడు ఎవడి మీద కోపంగా ఉన్నాడో, తండ్రి ఎందుకు అలా ముఖం తిప్పుకున్నాడో, ఏ మిషన్ పాడైందో, అంతా ఆయనకి తెలిసిపోతోంది. భాష రాని మనిషికి కూడా కథ అందేలా తియ్యడం చిన్న సంగతి కాదు. ఆ ఏడాది ప్రపంచమంతటా కలిపి ఎక్కువ వసూలు చేసిన సినిమా అదేనని తర్వాత చదివినప్పుడు నాకేం ఆశ్చర్యం కలగలేదు. మా తాతయ్య లాంటివాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు కదా.

ఆ సినిమా మీద అందరూ వేసే ప్రశ్న ఒకటుంది. తవ్వేవాళ్లకి వ్యోమగామి పని నేర్పే బదులు, వ్యోమగాములకే తవ్వడం నేర్పితే సరిపోయేది కదా అని. అందులో నటించిన బెన్ అఫ్లెక్‌కే ఆ అనుమానం వచ్చి షూటింగ్‌లో అడిగితే, బే నోరు మూసుకోమన్నాడట. డీవీడీ వ్యాఖ్యానంలో అఫ్లెక్ ఆ సంగతి నవ్వుతూ చెబుతాడు. కాలేజీలో స్నేహితులు కూడా అదే మాట అన్నారు. ఇంటికొచ్చి తాతయ్యని అడిగాను. ఆయన షిప్‌యార్డ్‌లో గ్యాస్ కట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లకు పైగా ఓడల ఇనప ప్లేట్లు కోశాడు. చాలా కోపం వచ్చింది ఆయనకి. "ప్లేటు కొయ్యడం పుస్తకం చదివితే వొస్తాదేటమ్మా? చెయ్యి తిరగాలి. పెద్ద పెద్ద ఇంజినీర్లు మా ఎనక నిలబడి సూసేవోరు" అన్నాడు.

నాకు ఇప్పటికీ ఆ జవాబే సరైనదనిపిస్తుంది. బేలో నాకు నచ్చే మొదటి గుణం అక్కడే దొరికింది. ఇనుము పట్టుకునే చేతుల మీద అతనికి గౌరవం ఉంది. మసి పూసుకున్న మొహాల్ని, నూనె ఓడే మిషన్లని, చెమట పట్టిన మెడల్ని రాజుల్ని చూపించినట్టు చూపిస్తాడు. ఆ నారింజ రంగు సూట్లు వేసుకుని పనివాళ్లంతా నెమ్మదిగా నడిచొస్తుంటే తాతయ్య సీట్లో నిటారుగా కూర్చున్నాడు.

రెండోది 'పెర్ల్ హార్బర్'. దాని గురించి చెప్పాలంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లల్లో కూడా చాలామందికి ఇది తెలీదు. హవాయిలో అమెరికా నౌకా స్థావరమైన పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది 1941 డిసెంబర్ 7న. దాదాపు నాలుగు నెలలకి యుద్ధం మా తీరానికొచ్చింది. ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు మా రేవు మీదికీ, అదే రోజు కాకినాడ మీదికీ వచ్చాయి. ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో జపాన్ యుద్ధనౌకలు, విమానాలు కలిసి ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేశాయి. మా ఊళ్లో చనిపోయింది కొద్దిమందే. కానీ ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది. అప్పుడు తాతయ్యకు పదమూడేళ్లు. ఇల్లు వన్‌టౌన్‌లో, రేవుకి దగ్గర్లో.

ఈ కథ మాకు ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. మేడ మీద గాలిపటం ఎగరేస్తుంటే విమానాలు కనిపించాయని, ముందు చప్పట్లు కొట్టాడని, ఆ తర్వాత కింద పడుకున్నాడని. అంతవరకే. దాని తర్వాత ఏం జరిగిందో ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

2001లో వానలు మొదలయ్యే రోజుల్లో ఆ సినిమా వచ్చింది. పోస్టర్ మీద విమానాలు చూసి తాతయ్య ఈసారి కబురు తేలేదు. మావయ్యే చెప్పాడు. మా మావయ్య డాక్‌యార్డ్‌లో ఉద్యోగం. "నాన్నా, పెర్ల్ హార్బర్ అంట, మీరు చెబుతారే ఆ జపాన్ వాళ్లే" అన్నాడు. తాతయ్య కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. సాయంత్రం తనే వచ్చి "ఎల్దామా అమ్మలూ" అన్నాడు.

ముగ్గురం వెళ్లాం. హాలు నిండిపోయింది. మాది నేవీ ఊరు కాబట్టి సగం మంది ఓడల గురించి తెలిసినవాళ్లే. మూడు గంటల మూడు నిమిషాల సినిమా. దాడి మొదలయ్యేసరికి గంటన్నర దాకా పట్టింది. అంతవరకూ ఇద్దరు స్నేహితులు, ఒక నర్సు, ప్రేమ, వియోగం. తాతయ్య నన్నేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముందని? "నిన్ను మర్చిపోలేదు", "తిరిగొస్తాను", అంతే. వాళ్ల మొహాలు అందంగా ఉన్నాయి, వెలుగు అందంగా ఉంది, ప్రతి ఫ్రేమూ క్యాలెండర్‌కి పెట్టుకోవచ్చు. కానీ ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా మన ఇంటికొచ్చి మంచినీళ్లు అడిగే మనిషిలా అనిపించరు. బేలో ఉన్న పెద్ద లోటు అదే. మనుషులు ప్రేమించుకోవడం చూపిస్తాడు గానీ వాళ్లు కలిసి బతకడం చూపించలేడు. పక్కన మావయ్య అప్పటికే రెండుసార్లు టీ కోసం లేచి వెళ్లాడు.

తర్వాత విమానాలొచ్చాయి.

పొద్దున్న పూట. కొండల మధ్య నుంచి, చాలా కిందుగా. బట్టలు ఆరేస్తున్న ఆడమనిషి తలెత్తి చూస్తుంది. బంతాట ఆడుతున్న పిల్లలు ఆట ఆపి చూస్తారు. ఎవరికీ భయం లేదు, ఏమిటో అర్థం కాలేదు, అంతే. తాతయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అలగే వొచ్చేయి" అన్నాడు. గట్టిగా అన్నాడు. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు కూడా. "ఇలగే అమ్మలూ. ఇంత కిందకే. లోపలోడి మొహం కనబడింది నాకు."

అక్కడి నుంచి దాదాపు నలభై నిమిషాలు ఆయన చెయ్యి తియ్యలేదు.

ఆ నలభై నిమిషాల గురించి ఎన్నిసార్లయినా మాట్లాడగలను. ఒక బాంబు విమానం నుంచి విడిపోయి, తిరుగుతూ తిరుగుతూ కిందికి పడుతుంటే కెమెరా దాని వెంటే పడుతుంది. కింద ఓడ అగ్గిపెట్టెంత ఉంటుంది, తర్వాత ఇల్లంత, తర్వాత తెరంతా అదే. ఆ ఓడ అరిజోనా. నిజంగా దాని మీద చనిపోయినవాళ్లు 1,177 మంది. బాంబుని కింద నుంచి చూసిన మనిషి పక్కన కూర్చుని, దాన్ని పై నుంచి చూశాను నేను. ఏ వస్తువు ఎంత పెద్దదో, దాని కింద నిలబడ్డ మనిషికి అది ఎంత బరువుగా కనిపిస్తుందో బేకి తెలిసినంతగా తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఓడ ఒరిగిపోతుంటే డెక్ గోడలా నిలబడిపోతుంది, మనుషులు దాని మీంచి జారిపోతుంటారు. మెక్సికోలో పెద్ద నీళ్ల తొట్టె దగ్గర ఓడ ముందుభాగాన్ని కట్టి, మొత్తంగా తిప్పి తీశారు దాన్ని. పేలుళ్లలో కొన్ని నిజం పెర్ల్ హార్బర్‌లోనే, సర్వీసు నుంచి తీసేసిన నిజం ఓడల మీద తీశారు. తాతయ్యకు ఇవేం తెలీదు. కానీ ఒక్కోచోట "ఇది నిజం ఇనుమే" అన్నాడు, ఒక్కోచోట "ఇది కాదు" అన్నాడు. చాలావరకు సరిగ్గానే చెప్పాడని నాకు తర్వాత తెలిసింది. కంప్యూటర్‌తో అన్నీ చెయ్యగలిగే రోజులొచ్చాక కూడా నిజం నిప్పు, నిజం ఇనుము కావాలని బే పట్టుబట్టడం ఎందుకో నాకు ఆ రోజే అర్థమైంది. ఇనుముతో బతికిన మనిషి కన్ను దాన్ని కనిపెట్టేస్తుంది.

మావయ్య వేరేవి కనిపెట్టాడు. రేవులో నిలబడి ఉన్న కొన్ని ఓడలు ఆ కాలంవి కావన్నాడు. చివర్లో టోక్యో మీదికి బాంబర్లు లేచే ఓడ కూడా చాలా తర్వాతి రకం అన్నాడు. నిజమే, కాన్‌స్టెలేషన్ అనే కొత్త తరం నౌక మీద తీశారు దాన్ని. అయితే దాని మీంచి లేచిన పాత బాంబర్లు మాత్రం నిజంవే. ఇలాంటి చోట్ల బే పట్టించుకోడు. కంటికి ఘనంగా ఉంటే చాలనుకుంటాడు. చరిత్ర తెలిసినవాళ్లకి అతని మీద కోపం రావడానికి ఇదొక కారణం, వాళ్ల కోపం న్యాయమే. ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది కూడా సౌండ్ ఎడిటింగ్‌కే. కథకి కాదు, నటనకి కాదు.

ఇక చెప్పాల్సిన దృశ్యం ఒకటుంది. నాకు అది రాయడం కష్టంగా ఉంది.

దాడి అయిపోయాక ఓడ లోపల నావికులు చిక్కుకుపోయి ఉంటారు. ఇనుములో చిన్న కన్నం. అందులోంచి చేతులు బయటికొస్తాయి. బయట ఉన్నవాళ్లు ఆ చేతుల్ని పట్టుకుంటారు. లోపల నీళ్లు పెరుగుతుంటాయి. కొంతసేపటికి ఆ చేతులు వదులైపోతాయి.

తాతయ్య అక్కడ ఏడ్చాడు. నేను ఆయన్ని అంతకుముందు ఏడవగా చూడలేదు, అమ్మమ్మ పోయినప్పుడు కూడా. కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, "కన్నం పెడితే గాలి పోద్ది... గాలి పోతే నీళ్లొస్తాయి... తొందరపడకూడదు..." అంటూనే ఉన్నాడు, అక్కడున్నవాళ్లకి చెబుతున్నట్టు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజమని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఓక్లహోమా అనే ఓడ ఆ రోజు తలకిందులైపోయింది. 429 మంది చనిపోయారు. లోపల చిక్కుకున్నవాళ్లు ఇనుము మీద కొడుతుంటే బయటికి వినిపించేది. హూలియో డికాస్ట్రో అనే యార్డ్ పనివాడు తన మనుషుల్ని తీసుకొచ్చి, ఓడ అడుగుభాగాన్ని కోసి, ఎక్కడ కొయ్యాలో ఎలా కొయ్యాలో చూసుకుంటూ పని చేశాడు. 32 మంది ప్రాణాలతో బయటికొచ్చారు. వాళ్లని బయటికి తీసినవాళ్లు సైనికులు కాదు, యార్డ్ కార్మికులు. మా తాతయ్యలాంటివాళ్లు. సినిమాలో డికాస్ట్రో కథ లేదు. మసి చేతుల్ని అంత గౌరవంగా చూపించగలిగిన దర్శకుడు, చరిత్రలో నిజంగా ఉన్న ఆ మసి చేతుల్ని వదిలేసి, ఇద్దరు అందమైన పైలట్ల వెంట వెళ్లిపోయాడు. నేను బేని ఈ ఒక్క విషయంలో క్షమించలేకపోతున్నాను. తాతయ్యకు ఆ మనిషి గురించి చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

సినిమా అయ్యాక మావయ్య స్కూటర్ మీద వెళ్లిపోయాడు. తాతయ్య నడుద్దామన్నాడు. బీచ్ రోడ్డుకి దిగాం. మురీ మిక్చర్ పొట్లాలు కొనుక్కుని గోడ మీద కూర్చున్నాం. చీకటి పడింది. యారాడ కొండ మీద లైట్‌హౌస్ వెలుగుతోంది. అప్పుడు చెప్పాడు, అరవై ఏళ్లుగా చెప్పకుండా దాచుకున్న మిగతా సగం.

"బాగా తీసేడమ్మా. విమానాలొచ్చింది బాగా తీసేడు. కానీ అయిపోయాక పాట పెట్టీసేడు. అయిపోయాక పాట లేదమ్మా. ఏటీ లేదు. సెవులు పని సేస్తన్నాయో లేదో తెలీదు. కాకులు కూడా అరవలేదు. మా అమ్మ నోరు కదుపుతోంది, మాట రావట్లేదు. సేనాసేపు అలగే ఉన్నాం. తరవాత ఎవరో ఒకాయన వీధిలో దగ్గేడు. ఆ దగ్గు వినబడ్డాక అందరం ఏడిసేం."

ఆ రాత్రే బిందెలు, దుప్పట్లు నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ ఊరు వదిలి వెళ్లారట. సింహాచలం దాటేదాకా ఆయన చేతిలో గాలిపటం దారం చుట్ట ఉందట.

ఆ తర్వాతి ఆదివారం నన్ను విశాఖ మ్యూజియానికి తీసుకెళ్లాడు. బీచ్ రోడ్డులో పాత డచ్చివాళ్ల బంగళాలో ఉంటుంది. అక్కడ జపాన్ వాళ్లు వేసిన, పేలని బాంబు ఒకటి పెట్టారు. తాతయ్య దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను ఏదో పెద్దగా ఊహించుకున్నాను. సినిమాలో చూసినదానితో పోలిస్తే అది చాలా చిన్నది. ఆ మాటే అన్నాను. "మీద పడేటప్పుడు పెద్దదే" అన్నాడు.

తాతయ్య 2006లో పోయాడు. ఆ తర్వాతి బే సినిమాలన్నీ నేను తమ్ముడితోనో, ఒక్కదాన్నో చూశాను.

ఎడిటింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాక అతని సినిమాల్ని వేరేగా చూడ్డం మొదలైంది. అతను ప్రకటనల్లోంచి, పాటల వీడియోల్లోంచి వచ్చిన మనిషి. 1993లో అమెరికాలో పాల మీద తీసిన ప్రకటన ఒకటి బాగా పేరు తెచ్చింది. నోటి నిండా రొట్టె కుక్కుకున్న ఒకాయనకి ఫోన్లో ప్రశ్న వస్తుంది, జవాబు తెలుసు, కానీ తాగడానికి పాలు లేక మాట బయటికి రాదు, బహుమతి పోతుంది. నిమిషంలో ఒక మనిషి జీవితమంతా చూపిస్తాడు. నిజంగా గొప్ప పని. రెండేళ్లకి 'బ్యాడ్ బాయ్స్', ఆ మరుసటి ఏడాది 'ది రాక్'. నన్నడిగితే ఈ రోజుకీ అతని సినిమాల్లో అన్నీ కుదిరింది 'ది రాక్' ఒక్కటే. అందులో షాన్ కానరీ, ఎడ్ హారిస్ లాంటి నటులు కెమెరా ఎంత తిరుగుతున్నా తమ చోట తాము నిలబడ్డారు. తనదంటూ ఒక బాధ విలన్‌కీ ఉంది, హీరోకీ ఉంది. నిలబడగలిగిన నటుడుంటే బే కెమెరాకి ఒక ఇరుసు దొరుకుతుంది.

అతని పేరుతో పిలిచే ఆ గిర్రున తిరిగే షాట్ ఇవాళ మా విశాఖలో పెళ్లి వీడియో తీసే ప్రతి కుర్రాడికీ వచ్చు. భీమిలి బీచ్‌లో పొద్దున్నే పెళ్లికొడుకుని, పెళ్లికూతుర్ని నిలబెట్టి, కెమెరా కిందుగా పట్టుకుని చుట్టూ తిరుగుతారు. కానీ ఎక్కువసార్లు కుదరదు. ఎందుకో ఫుటేజీ చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. బే దూరం నుంచి పొడవాటి లెన్స్ వేస్తాడు. అందువల్ల వెనకున్న ఊరు దగ్గరికొచ్చి మనిషి వెనక వేగంగా పరిగెడుతుంది. మనిషి ఊరికే నిలబడి ఉండడు, వంగినవాడు లేస్తుంటాడు, లేదా కెమెరాకి ఎదురు దిక్కుగా తిరుగుతాడు. ముందు ఏదో ఒకటి, పొగో దుమ్మో, అడ్డం వెళ్తుంది. మూడు పొరలు మూడు వేగాలతో కదులుతాయి. పైగా సూర్యుడు ఎప్పుడూ వెనకే. అతను లాస్ ఏంజిల్స్‌లో పుట్టాడు, ఆ సముద్రంలో సూర్యుడు సాయంత్రం దిగుతాడు. మా సముద్రంలోంచి పొద్దున్న లేస్తాడు. అందుకే మా కుర్రాళ్లని నాలుగున్నరకే లేపి పంపిస్తాను.

ప్రకటనల నుంచి వచ్చినందువల్ల మంచీ జరిగింది, చెడూ జరిగింది. ప్రకటనలో ప్రతి షాటూ పతాక సన్నివేశమే. రెండున్నర గంటలూ అలాగే ఉంటే? అన్నం లేకుండా ఆవకాయ తినమన్నట్టు ఉంటుంది. నేను పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పెళ్లి వీడియో అలాగే కట్ చేశాను. ఒక్క షాట్ కూడా రెండు సెకన్లు దాటలేదు. మా టీమ్ అంతా మెచ్చుకున్నారు. పెళ్లికూతురి నానమ్మ చూసి, "బాగుందమ్మా, కానీ మా పిల్ల మొహం చూసేలోపే మార్చేశావు" అంది. ఆ రాత్రి కూర్చుని మొత్తం మళ్లీ కట్ చేశాను. అప్పగింతల్లో తండ్రి చెయ్యి వదిలే షాట్‌ని పదకొండు సెకన్లు ఉంచాను.

2007లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' చూసినప్పుడు ఆ మరమనుషులు మొదటిసారి కారులోంచి విప్పుకుని లేచి నిలబడుతుంటే ఒళ్లు జలదరించింది. ప్రతి బోల్టూ, ప్రతి రేకూ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో కనిపిస్తుంది. తాతయ్య ఉంటే ఎన్ని ప్రశ్నలు వేసేవాడో అనుకున్నాను. అదే సినిమాలో ఆ అమ్మాయి కారు బానెట్ ఎత్తి ఇంజన్ బాగుచేస్తుంటుంది. ఆ అమ్మాయికి పని వచ్చు, పక్కనున్న అబ్బాయికి రాదు. ఎంత మంచి సందర్భం! కానీ కెమెరా ఆమె చేతుల మీద ఉండదు, నడుము మీద ఉంటుంది. హాల్లో ఈలలు. తమ్ముడు నా వైపు చూడలేక తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. మగవాడు పని చేస్తే అతని చేతుల్ని చూపించే దర్శకుడు, ఆడపిల్ల పని చేస్తే ఎందుకు చూపించడు? నేను కూడా చేతి పని మీద బతికేదాన్నే. నాకు ఆ రోజు పడిన గాయం మానలేదు, ఎవరో ఇది సరదాగా తీసుకోవాలన్నా మానదు.

రెండో భాగం గురించి ఎక్కువ చెప్పను. రచయితల సమ్మె రోజుల్లో కథ సరిగ్గా లేకుండానే మొదలుపెట్టారు, బాగా రాలేదని బే తనే తర్వాత ఒప్పుకున్నాడు. మూడోది 2011లో త్రీడీలో వచ్చింది. త్రీడీలో షాట్లు మరీ చకచకా మారిస్తే కళ్లు నొప్పెడతాయి, అందుకని అతను షాట్‌ని కొంచెం ఎక్కువసేపు ఉంచాల్సి వచ్చింది. షికాగోలో ఒరిగిపోతున్న భవనం లోపల మనుషులు జారిపోయే ఘట్టం, గాల్లో రెక్కల సూట్లతో నిజం మనుషులు ఎగరడం, ఇవన్నీ ఎంత హాయిగా కళ్లకి అందాయో! ఎవరో చెయ్యి పట్టుకుని ఆపితే గానీ ఆగని మనిషి, ఆపగానే ఎంత బాగా చూపించగలడో అక్కడ తెలిసింది.

నాలుగోది 2014 వేసవి చివర వచ్చింది. నగరాల్ని కూల్చేశాడు, మళ్లీ. అదే ఏడాది అక్టోబర్ 12, ఆదివారం, మా ఊరి మీదికి హుద్‌హుద్ వచ్చింది.

పొద్దుటి నుంచి గాలి. కిటికీ అద్దాలు పగిలి లోపలికొచ్చేశాయి. పక్కింటి వాటర్ ట్యాంకు మా మేడ మీద పడింది. మధ్యాహ్నం ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. తుపాను కన్ను మా మీదుగా వెళ్తోందని రేడియోలో ముందే చెప్పారు. అయినా ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. ఒక్క ఆకు కదల్లేదు. మా అబ్బాయి ఏదో అడుగుతున్నాడు, నాకు వినపడుతోంది, అర్థం కావట్లేదు. వీధిలో ఎవరో దగ్గారు. నేను గుమ్మంలో కూర్చుండిపోయి బిగ్గరగా ఏడ్చాను. మా ఆయన భయపడి ఏమైందని అడిగితే, తాతయ్య గుర్తొచ్చాడని తప్ప ఏం చెప్పలేకపోయాను. కాసేపటికి రెండో వైపు నుంచి గాలి మొదలైంది.

మర్నాడు పొద్దున్న చూస్తే కైలాసగిరి కాలిపోయినట్టు గోధుమ రంగులో ఉంది. ఒక్క చెట్టుకీ ఆకు లేదు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్ కోసం, నీళ్ల కోసం లైన్లు, రోడ్డుకి అడ్డంగా పడిన చెట్లు కొయ్యడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు, స్తంభాలెక్కిన లైన్‌మెన్లు. ఆ లైన్‌మెన్లని చూస్తుంటే ఇది కదా బే సినిమా అనిపించింది. తాళ్లు కట్టుకుని, చెమటతో, వెనక సూర్యుడితో. అతను తీస్తే ఎంత గొప్పగా ఉండేది! కానీ అతని సినిమాలు ఈ పొద్దుటి దాకా ఎప్పుడూ రావు. నగరం కూలిపోగానే అయిపోతాయి. ఊడ్చేవాళ్లు అందులో ఉండరు.

2022లో 'ఆంబులెన్స్' ఇంట్లోనే చూశాను. డ్రోన్లు పెద్ద భవనాల అంచు మీంచి నేల దాకా దూకడం చూసి మా కుర్రాళ్లు వారం రోజులు అదే మాట. నాకు నచ్చింది వేరే. మూడొంతుల సినిమా ఒక బండి లోపలే, రక్తం కారుతున్న ఒక మనిషిని బతికించాలని చూస్తున్న ఒక ఆడమనిషి. ఈసారి కెమెరా ఆమె చేతుల మీద ఉంది. పదిహేనేళ్లు పట్టింది అతనికి. సంతోషించాను.

ఏటా డిసెంబర్ దగ్గరపడితే పెర్ల్ హార్బర్ మళ్లీ పెట్టుకుంటాను. మొదటి గంటన్నర దాటించేస్తాను. విమానాలొచ్చేటప్పుడు మోచెయ్యి బరువుగా అనిపిస్తుంది. ఓడ లోపలి నుంచి ఆ చేతులు బయటికొచ్చే షాట్ దగ్గర బే ఆగాడు. అతను ఆగడం నాకు తెలిసి చాలా అరుదు. నిజంగా ఎన్ని సెకన్లు ఆగాడో తెలుసుకోవాలంటే నాకు అర నిమిషం పని. ఆ ముక్కని టైమ్‌లైన్ మీద పెడితే అంకె కనిపిస్తుంది. చాలాసార్లు పెట్టబోయి మానేశాను. ఆ రోజు హాల్లో తాతయ్యకి కండువా తీసుకుని, మొహం తుడుచుకుని, అక్కడున్నవాళ్లకి ఎలా కొయ్యాలో మొత్తం చెప్పడానికి సరిపోయింది ఆ టైము.